ఆటల అంగట్లో పన్నెండు నెలల ఆషాఢం

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా వీధి మలుపులో నిలబడి తినే టిఫిన్ హోటలు ఒకటుంది. పొద్దున్నే వెళ్లి ఒక దోశ, ఒక కాఫీ తీసుకుని గుండ్రటి స్టీలు బల్ల దగ్గర నిలబడడం నాకు అలవాటు. పోయిన ఏడాది వానాకాలంలో ఒకరోజు నా పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్లు నిలబడ్డారు. మెడలో ఆఫీసు కార్డులు, వీపున సంచులు. తెలుగువాళ్లే.

"ఆ ట్యాంకర్ గేమ్ చూశావా? మన బెంగళూరు మీదే చేశారు."

"చూశా బ్రో. రివ్యూలు పిచ్చ బాగున్నాయి. విష్‌లిస్ట్‌లో పడేశా."

"కొనలేదా మరి?"

"ఇప్పుడెవడు కొంటాడ్రా? దీపావళికి సగానికొస్తుంది. ఇంకొన్నాళ్లు ఆగితే పావలాకిస్తారు."

"అవున్లే. ఫుల్ రేటు పెట్టేవాడు పిచ్చోడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ల చేతుల్లో ఉన్న మసాలా దోశలకు అడిగినంతా ఇచ్చే వచ్చారు. ఇది దీపావళికి సగానికొస్తుందా అని కౌంటరు దగ్గర ఎవరూ అడగలేదు. అడిగితే ఆ కౌంటరు మనిషి ఏమంటాడో వాళ్లకు తెలుసు.

ఆ ట్యాంకర్ ఆట చేసింది మా అమ్మాయి.

జీవితమంతా పేపర్లో పనిచేసినవాడికి పక్కవాళ్ల మాటలు వినడం వస్తుంది, మధ్యలో దూరడం రాదు. కాఫీ సగంలో వదిలేసి ఇంటికొచ్చాను. ఇంటికొచ్చినా కోపం తగ్గలేదు. ఇప్పటికీ తగ్గలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ ఆట అదే ఎండాకాలం బయటికొచ్చింది. అందులో ఆడేవాడు నీళ్ల ట్యాంకరు డ్రైవరు. ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయి ఉంటాయి. ఊరి బయట ఎక్కడో ఇంకా నీళ్లున్న బోరు దగ్గర ట్యాంకు నింపుకుని రావాలి. అపార్ట్‌మెంటు సెక్రటరీ ఫోన్ చేస్తాడు, హాస్టలు వార్డెను ఫోన్ చేస్తుంది, రేకుల షెడ్లలో కాపురముండే కూలీలు రోడ్డుమీదికొచ్చి చెయ్యెత్తుతారు. ముందు ఎవరికి పోయాలో మనమే తేల్చుకోవాలి. తుపాకుల్లేవు, పందేల్లేవు. ఆటలో శబ్దాల కోసం మా అమ్మాయి రికార్డరు పట్టుకుని అంతకుముందు ఏడాది ఎండాకాలమంతా ట్యాంకర్ల వెంట తిరిగింది. ఖాళీ సంపులో నీళ్లు పడే చప్పుడు వేరు, నిండుతున్న సంపులో పడే చప్పుడు వేరు. ఆటలో ఆ తేడా చెవితో పట్టుకుని వాల్వు కట్టేయాలి, లేకపోతే నీళ్లు రోడ్డు పాలవుతాయి. మొదటిసారి నేను ఆడినప్పుడు వాల్వు కట్టడం మరిచి తెరమీద నీళ్లు పొంగిపోతుంటే నిజంగానే కుర్చీలోంచి లేచాను.

ఉద్యోగం మానేసి ఆమె ఈ పనికి దిగింది. తోడుగా నల్లగొండ వైపు కుర్రాడు ఒకడు, వ్యాపారమూ లెక్కలూ అతనివి. బొమ్మలు వేయడానికి జీతమిచ్చి పెట్టుకున్న ఒక అమ్మాయి. వాళ్ల ఆఫీసు మా మేడమీద గది. తెలుగు మాటలు సరిచూడడం నా పని, పేపర్లో ఉండగా డెస్కు మీద చేసినదే.

ధర ఎంత పెట్టాలన్న మాట మా హాల్లోనే జరిగింది. ఆ రోజు ఆ కుర్రాడు నాకొక కొత్త సంగతి చెప్పాడు.

"అంకుల్, మనం పెట్టేది అమ్మే ధర కాదు. కొట్టేసి చూపించే ధర. దాని మీద గీత పడి, పక్కన మైనస్ ఫిఫ్టీ అని కనపడితేనే జనం క్లిక్ చేస్తారు."

"అయితే అసలు ధర ఏది?"

"అసలు ధర అంటూ ఏం లేదంకుల్. మీరు లైట్ తీస్కోండి."

అతను చెడ్డవాడు కాదు. ఆ వ్యాపారంలో అందరికీ తెలిసిన విషయాన్ని దాపరికం లేకుండా చెప్పాడు, అంతే. నాకు ఒళ్లు మండింది మాత్రం అతని నిజాయితీకే.

మా అనంతపురం వైపూ, ఇక్కడా బట్టల అంగళ్లవాళ్లు ఆషాఢంలో ధర తగ్గిస్తారు. పెళ్లిళ్లుండవు, గిరాకీ ఉండదు, సరుకు కదలాలి. శ్రావణం రాగానే బోర్డు దించేస్తారు. శ్రావణంలో పట్టుచీర కొనడానికి వెళ్లిన మనిషి ఆషాఢం ధర అడగదు, అడిగితే అంగడివాడు నవ్వుతాడు. శ్రావణం ఒకటుంది కాబట్టే ఆషాఢానికి అర్థం. ఈ ఆటలమ్మే ఆన్‌లైన్ అంగట్లో శ్రావణం లేదు. ఎండాకాలం సేలు, చలికాలం సేలు, దయ్యాల పండగ సేలు, చైనావాళ్ల కొత్త సంవత్సరం సేలు, వారం మధ్యలో ఒక సేలు, వారం చివర ఒక సేలు. పన్నెండు నెలలూ ఆషాఢమే. ఏ ఆట ఏనాడు అన్నిటికన్నా తక్కువకు పోయిందో గుర్తుపెట్టి చూపించే సైట్లు కూడా ఉన్నాయి. ఒక్కసారి దిగితే చాలు, ఆడేవాళ్ల మనసులో ఇక అదే దాని ధర. పై ధర దొంగ ధర అయిపోతుంది.

మా అమ్మాయికి ఇదంతా నాకంటే బాగా తెలుసు. అందుకే మొండికేసింది.

"కొట్టేయడానికి నేను ధర పెట్టను. న్యాయంగా ఒకటి పెడతాం. ఏడాదిపాటు దాన్ని ముట్టుకోం. ఆ మాట పేజీ మీదే రాద్దాం."

"రాస్తే ఇరుక్కుపోతాం," అన్నాడు కుర్రాడు.

"ఇరుక్కోవడానికే రాస్తున్నా."

ఆమె పొడుగ్గా రాసిన వాక్యాన్ని నేను కత్తిరించాను. ఈ ఏడాది ధర తగ్గించం, నచ్చితే ఇప్పుడే కొనండి. ఆట పేజీలో అందరికీ కనిపించే చోట అది నిలబడింది. ఆ రోజు నుంచి ఆమె మాట ఆ ధరకు ముడిపడింది.

విడుదలైన వారంలోనే ఆమెకొక సందేశం వచ్చింది. "అక్కా, మీ ఆటలో మా వీధి ఉండాది." రాసినతను బొమ్మసంద్రలో యంత్రాల భాగాలు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. కదిరి పక్క మనిషి. హెబ్బగోడిలో స్నేహితులతో కలిసి ఒక గదిలో అద్దెకుంటాడు. వచ్చి కలవచ్చా అని అడిగితే రమ్మంది. ఆదివారం గదిలో ఉండే స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

స్నేహితుడు కూర్చోకముందే మొదలుపెట్టాడు. "సార్, వీడు ఆటలో ఊరందరికీ నీళ్లు పోస్తా ఉండాడు. రూముకు ఒగ క్యాను తెమ్మంటే మాత్రం మంచం దిగడు."

"నువ్వు రేషను కార్డు సూపించు, నీకూ పోస్తా," అన్నాడు ఇతను.

ఆ పూట మా ఇల్లు సందడిగా ఉంది. ఏ మలుపులో ట్యాంకరు ఇరుక్కుంటుందో, ఏ సెక్రటరీ పాత్ర అచ్చం వాళ్ల ఇంటి ఓనరులా మాట్లాడుతుందో చెప్పి నవ్వించారు. వెళ్లేముందు గుమ్మంలో నిలబడి అతను అసలు మాట అడిగాడు.

"అక్కా, రేటు తగ్గిస్తారా? మా లైన్లో వాళ్లు కొంటామంటా ఉండారు గానీ, ఆగితే తగ్గుతాదేమో అని సూస్తా ఉండారు. నేను సెప్పల్ల కదా."

"పేజీలో రాశాం కదా. ఈ ఏడాది తగ్గించం."

"పేజీలో అందరూ రాస్తారు. నువ్వు సెప్పు."

"తగ్గించను."

"ఆయ్తు," అంటూ కన్నడంలో సరేనని చెప్పులేసుకున్నాడు.

మర్నాడు ఆట కింద తన అభిప్రాయం రాశాడు. ఆగొద్దు, వీళ్లు తగ్గించరు, నేను ఇంటికిపోయి అడిగి కనుక్కున్నా, అని. ఫ్యాక్టరీలో అతని మాట మీద చాలామందే కొన్నారు. లేనివాళ్లు ఆగితే నాకు కోపం లేదు. ఆగాల్సిన మనిషి ఆగకుండా కొన్నాడు, ఆగక్కర్లేని వాళ్లు హోటల్లో నిలబడి పావలా కోసం చూస్తున్నారు. నా కోపం అక్కడ.

దసరా వచ్చేసరికి అమ్మకాలు పడిపోయాయి. ఆట మీద మనసుపడి విష్‌లిస్ట్‌లో పెట్టుకున్నవాళ్లు బోలెడంత మంది, కొనేవాళ్లు లేరు. విడుదల రోజు తర్వాత ఆ ఆన్‌లైన్ అంగడి నుంచి వాళ్లకు మళ్లీ కబురు వెళ్లేది ధర తగ్గినప్పుడే. అంటే వాళ్లందరూ తలుపు బయటే నిలబడి ఉన్నారు, ధర తగ్గించకుండా తలుపు తీసే వీల్లేదు. కుర్రాడు రోజూ అదే పాట.

"ఒక్క సేల్. దీపావళికి సగానికి పెడదాం. లేకపోతే బొమ్మల అమ్మాయికి జీతం ఎట్లిస్తాం?"

"మాట రాశాం కదా."

"ఆ లైన్ ఎవరికి గుర్తుంటది?"

ఒక మనిషికి గుర్తుంటుందని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆ రోజు భోజనాల దగ్గర అడిగాను. "హెబ్బగోడి అబ్బాయికి ముందే చెప్తావా?"

"ఏమని చెప్పను నాన్నా?"

చెప్పలేదు. పేజీ మీద నేను కత్తిరించి ఇచ్చిన వాక్యం ఒక సాయంత్రం మాయమైంది. ధర మీద గీత పడింది.

సేలు మొదలైన మర్నాడు కుర్రాడు మైసూరుపాకు డబ్బాతో వచ్చాడు. అమ్మకాల గ్రాఫు నిటారుగా లేచింది. ముందు వారమే కొన్నవాళ్లు కొందరు వాపసు ఇచ్చేసి, అదే ఆటను సగం ధరకు మళ్లీ కొన్నారు. కొత్తగా కొన్నవాళ్ల అభిప్రాయాలు వరసగా వచ్చాయి. "ఈ రేటుకి ఓకే." "పర్లేదు, ఇంకా తగ్గితే తీసుకోవచ్చు." తిట్టినా నేను ఓర్చుకునేవాణ్ణి. వేసవిలో ఇదే ఆటను ఇదే జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆటలో ఒక్క బొమ్మ మారలేదు, ఒక్క చప్పుడు మారలేదు. ధర సగమయ్యేసరికి చూసే కళ్లు కూడా సగమయ్యాయి.

కొద్దిరోజుల తర్వాత మా అమ్మాయి నన్ను పైకి పిలిచి ఇంకో గ్రాఫు చూపించింది. కొన్నవాళ్లలో ఎందరు ఆట తెరిచారన్నది అందులో తెలుస్తుంది. సేల్లో కొన్నవాళ్లలో ఎక్కువమంది ఒక్కసారి కూడా తెరవలేదు.

"కొన్నారు కదా, ఆడకపోతే మనకేంటి?" అన్నాడు కుర్రాడు.

నాకు వెంటనే పాత పేపర్లు గుర్తొచ్చాయి. నేను ఉద్యోగంలో ఉండగా మా ఊళ్లోకి కొత్త పత్రిక ఒకటి చాలా తక్కువ ధరకు దిగింది. పోటీకి మావాళ్లూ తగ్గించారు, వాళ్లు ఇంకా తగ్గించారు. సర్క్యులేషన్ పెరిగిందని మా ఆఫీసులో స్వీట్లు పంచారు. ఆ రోజుల్లో ఒక వార్త పనిమీద ఒకరింటికి వెళ్తే, వరండాలో మా పత్రిక కట్టలు కట్టలుగా ఉంది. ఏదీ మడత విప్పలేదు. ఇంటావిడను అడిగితే ఏమాత్రం మొహమాటపడకుండా చెప్పింది. "చదవడానికి కాదు సార్. నెలాఖరున పాతపేపర్లవాడికి తూకానికి వేస్తే కట్టింది తిరిగొచ్చేస్తుంది. ఊరికే వస్తుంటే వద్దనడం ఎందుకని వేయించుకుంటున్నాం." ఆ మడతల లోపల రాత్రంతా కూర్చుని మేం దిద్దిన వార్తలున్నాయి. బోరుబావిలో చేయి పోగొట్టుకున్న మనిషి ఉన్నాడు, బడి లేని ఊరు ఉంది. కాగితం బరువుకు తూగాయి అంతే. ఆ యుద్ధం అయిపోయాక ధర పెంచాలని చూస్తే, అదే జనం పత్రికలు దోచుకుంటున్నాయన్నారు. చవగ్గా ఇచ్చి ఇచ్చి మా పని చవకైనదని మేమే నేర్పాం, వాళ్లు నేర్చుకున్నారు. తప్పు వాళ్లదొక్కళ్లదే అనను. కానీ కోపం కోపమే.

ఇప్పుడు మా అమ్మాయి తెరమీద అవే మడత విప్పని పేపర్లు.

ఆ ఆదివారం హెబ్బగోడి అబ్బాయి వచ్చాడు. ఈసారి ఒక్కడే. ఫోన్ చేయకుండా వచ్చాడు.

"కూర్చో అప్పా," అన్నాను.

"కూర్చోను సార్." మా అమ్మాయి వైపు తిరిగాడు. "అక్కా, లైన్లో నాకు పేరు పోయినాది, తెలుసునా? 'ఫుల్ రేటు' అంటా ఉండారు. క్యాంటీన్లో ప్లేటు పట్టుకుంటే 'ఫుల్ రేటు వచ్చినాడు, వానికి అన్నం సగం పెట్టండి, సేలు నడస్తా ఉండాది' అని ఒగటే నవ్వు. సూపర్‌వైజరు గూడా నవ్వతాడు."

నాకూ నవ్వొచ్చేదే, అతని మొహం అలా లేకపోతే.

"నా మాట మీద కొన్నారు అంతమంది. నేను నీ మాట మీద సెప్పినా."

"తప్పు నాదే," అంది మా అమ్మాయి. "మీ అందరికీ తేడా తిరిగిచ్చేస్తాను."

"ఏం తేడా అక్కా? తేడా యాడుండాది? మొన్న ఆడిందే ఈపొద్దూ ఆడినా. అదే ట్యాంకరు, అదే రోడ్డు. మరి నాకెందుకు సప్పగా ఉండాది? అది సెప్పు నువ్వు."

కుర్రాడు కల్పించుకున్నాడు. "బ్రో, ఇండస్ట్రీలో అందరూ ఇట్లనే చేస్తరు. మీరు ముందే ఎంజాయ్ చేశారు కదా, దానికే ఎక్స్‌ట్రా..."

"అట్లనా? అంటే ముందుగా ఇష్టపడినందుకు ఫైను కట్టినానన్న మాట."

నేను ఇంతకాలం లోపల్లోపల నానబెట్టుకుంటున్న కోపానికి మాట దొరికినట్టయింది. అందరికన్నా ముందు నమ్మినవాడు, అందరికన్నా ఎక్కువ ఆడినవాడు, పదిమందికి చెప్పినవాడు. ఈ వ్యాపారంలో ఎక్కువ కట్టేది అతనే. ఏ మాత్రం పట్టనివాడికి చివర్లో దాదాపు ఊరికే దొరుకుతుంది. ఇష్టానికి ఇంత అవమానం ఇంకే అంగట్లోనూ నేను చూడలేదు.

కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఆట కింద అతని మాట మారింది. "ఆట బాగుంది. ఆగండి, తగ్గిస్తారు."

కింద వందలమంది రాసిన మాటల్లో అదొకటి. మా అమ్మాయి మాత్రం దాన్నే పట్టుకు కూర్చుంది. అతనికి చెప్పి మార్పించమని నేనంటే తల అడ్డంగా ఊపింది. "అబద్ధమేం రాయలేదుగా నాన్నా."

సేలు ముగిశాక ధర మళ్లీ పాత చోటికి ఎక్కింది. అమ్మకాలు దాదాపు ఆగిపోయాయి. చలికాలం సేలుకు పేరివ్వాల్సిన గడువు దగ్గరపడింది. ఈసారి ముప్పావు వంతు తగ్గించాలి, సగం ఒకసారి చూశాక జనం సగానికి కదలరు అన్నాడు కుర్రాడు. అతని లెక్క తప్పు కాదు. ఆ వ్యాపారంలో మెట్లు కిందికే ఉంటాయి.

"ఇవ్వను," అంది ఆమె.

"అయితే మూసేసుకుందామా?"

"బయటి కంపెనీల పని తెచ్చుకుని చేస్తాను. బొమ్మల అమ్మాయి జీతం దాంట్లోంచి ఇస్తాను. ఈ ధర ముట్టుకోను."

ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు, మెట్ల మీద నిలబడి నేను విన్నాను. అతను సంక్రాంతి లోపే ఒక కంపెనీలో చేరిపోయాడు. పోట్లాడుకుని పోలేదు. వెళ్తూ నా దగ్గరికొచ్చి, "అంకుల్, మీ అమ్మాయికి మార్కెట్ తెలీదు," అన్నాడు. "తెలుసయ్యా, అందుకే," అన్నాను.

పేజీ మీద ఆ వాక్యం మళ్లీ పెట్టమన్నాను. ఒప్పుకోలేదు. "రాసిందాన్ని ఒకసారి చెరిపాను. ఇంక రాయను. చేస్తాను, అంతే."

చలికాలం సేలు పోయింది. చైనా కొత్త సంవత్సరం పోయింది. ఉగాది దగ్గర ఇంకేదో వచ్చి పోయింది. విష్‌లిస్ట్‌లో కాచుకున్నవాళ్లు ఒక్కొక్కరే బూతులు రాయడం మొదలుపెట్టారు. దురాశ అన్నారు. పొగరు అన్నారు. తమకు రావాల్సిన తగ్గింపును ఎవరో ఎత్తుకుపోయినట్టు రాశారు ఒకాయన. ఆయన ఆట కొననేలేదు! నేను ఒక్కొక్కటీ చదివి పళ్లు నూరుకుంటుంటే, మా అమ్మాయి నా చేతిలోంచి ఫోను తీసేసుకుని, "పోయి దోశ తిని రా నాన్నా," అని తరిమేది. ఆమె పగలంతా ఎవరిదో బ్యాంకు యాప్ పని చేస్తుంది. మిగిలిన వేళల్లో ఆటలో కొత్త వీధి ఒకటి కడుతోంది. కొన్నవాళ్లకు ఊరికే ఇస్తుందట. తగ్గించడం వేరు, కలపడం వేరు అంటుంది.

మొన్న ఎండాకాలం సేలు మొదలైన రోజు నాకొక ఫోన్ వచ్చింది. హెబ్బగోడి నుంచి. ఆ ఆదివారం తర్వాత అతని గొంతు వినడం అదే.

"ఏం సార్, బాగుండారా? ఈసారీ తగ్గించలేదే?"

"లేదప్పా."

"సలికాలంలోనూ తగ్గించలేదు."

"చూశావా?"

"ప్రతి సేలుకూ సూస్తా ఉండా. మా క్యాంటీన్లో పందెం గూడా కడతా ఉండారు. నా పేరు ఇంగా 'ఫుల్ రేటే' లెండి. అయితే ఇప్పుడు నవ్వు కొంచిం తగ్గింది."

"ఆటాడుతున్నావా?"

"రూములో వాళ్లు ఆడతా ఉండారు. నేను ఊరికే పక్కన కూర్సొని సూస్తా."

అవతల ఫ్యాక్టరీ బస్సు హారను వినిపించింది. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"మరి కింద రాసిన ఆ మాట మారుస్తావా?"

"తొందరేముంది సార్? ఇంగొక రెండు పండగలు పోనీండి. ఆగేది నేనూ ఇప్పుడిప్పుడే నేర్సుకుంటా ఉండా."